జంపఖానా మీద కూర్చున్నవాళ్లం

మాది మహదేవపూర్. కాళేశ్వరం పోయే తోవలో ఉంటుంది. అడవిలో మద్దిచెట్ల మీద పెరిగే పట్టుకాయలు, వాటితో నేసే దసలిపట్టు మా ఊరికి పేరు తెచ్చాయి. మా నానమ్మ కాయలు ఉడకబెట్టి దారం తీసేది. కాబట్టి నేత సంగతి నాకు తెలుసుననే ధీమాతోనే చదువుకోసం వరంగల్ వచ్చాను.

హాస్టల్‌కు వచ్చేటప్పుడు అమ్మ ఒక జంపఖానా చుట్టి ఇచ్చింది. దానిమీదే పడుకున్నాం, పేకాడాం, మీటింగులు పెట్టాం, ప్రపంచాన్ని మార్చేశాం! అది చినిగిపోయాక కొత్తది కొందామని కొత్తవాడకు పోయాను. ముసలాయన చెప్పిన ధరలో సగానికి అడిగాను. ఆయనకు కోపం రాలేదు. "లోపలికి రా బిడ్డా, చూసి అప్పుడడుగు" అన్నాడు.

లోపల మగ్గం. ఇద్దరు పక్కపక్కన కూర్చుని పడుగులో పేక దూర్చి, ఇనుప పంజాతో దిగగొడుతున్నారు. పొద్దటినుంచి నేసింది జానెడు కూడా లేదు.

"మనూరి తివాచీలు లండన్ దాంక పోయినయి, ఎరికేనా?" అన్నాడు. నేను నవ్వాను.

నవ్వకుండా ఉండాల్సిందని తర్వాత లైబ్రరీలో తెలిసింది. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలు నిజంగానే ఉన్నాయి. తివాచీ అంటే ముడిముడికీ నూగు నిలబెట్టి కత్తిరించేది. జంపఖానా నూగులేని చదును నేత. ఆ శతాబ్దం చివరికి జైళ్లలో ఖైదీలతో నేయించిన చవక సరుకు, రసాయనిక రంగులు కలిసి మనదేశపు తివాచీ నేతనే దెబ్బతీశాయి. అంటే, చవక కోసం బేరమాడింది నేనొక్కణ్ణే కాదన్నమాట!

ఆ రోజు ఆయన తగ్గించే ఇచ్చాడు. నేను తగ్గించే తీసుకున్నాను. సెలవులకు ఇంటికి తీసుకుపోయి, ఎంతకు తెచ్చానో గొప్పగా చెప్పాను. నానమ్మ అంచు తడిమి చూసింది.

"గింత తక్కువకా? మా దారానికి గూడ గిట్లనే కట్టేటోళ్లు" అన్నది. ఇంకేమీ అనలేదు. అంతకన్నా అనేదేముంది?

2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. కానీ గుర్తింపు వేరు, గిట్టుబాటు వేరు. మొదటిది సర్కారు ఇస్తుంది, రెండోది కొనేవాడు ఇయ్యాలె.

మిత్రులారా, ఈసారి సభకు జంపఖానా పరిచి శ్రమజీవుల గురించి మాట్లాడబోయేముందు, ఒక్కసారి కిందికి చూడండి. నేను చాలా ఆలస్యంగా చూశాను.