గిరాకీ వేరు, అవసరం వేరు

2016 సెప్టెంబరు 9న రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్ల చార్జీలను భారతీయ రైల్వే ఒక గణిత సూత్రానికి అప్పగించింది. మొదటి పది శాతం బెర్తులు మూల ధరకే లభిస్తాయి. ఆపై అమ్ముడుపోయే ప్రతి పది శాతానికీ ధర మరో పది శాతం పెరుగుతుంది, ఒకటిన్నర రెట్లకు మించదు. ఫస్ట్ ఏసీకి, ఎగ్జిక్యూటివ్ తరగతికి మాత్రం ఈ పెంపు వర్తించలేదు.

ఈ ఆలోచనకు మూలం విమానయానంలో ఉంది. బ్రిటిష్ సంస్థ బీఓఏసీలో పనిచేసిన లిటిల్‌వుడ్ 1972లో ఒక సూత్రం చెప్పాడు. పూర్తి ధర ఇచ్చేవాడు తర్వాత వచ్చే సంభావ్యతను ఆ ధరతో గుణించాలి. చౌక టికెట్‌కు వచ్చే సొమ్ము అంతకన్నా తక్కువైతే ఆ సీటును ఆపి ఉంచాలి. 1978లో అమెరికా విమాన చార్జీలపై నియంత్రణ సడలించాక ఈ లెక్క పెద్ద వ్యాపార శాస్త్రంగా ఎదిగింది. దాని వెనుక ఒక ఊహ ఉంది: ఆలస్యంగా టికెట్ కొనేవాడు సంస్థ ఖర్చుతో తిరిగే ఉద్యోగి, ధర చూసి వెనుదిరగడు.

రైలు ప్రయాణికుడి విషయంలో ఈ ఊహ నిలవదు. తల్లికి జబ్బు చేసిందన్న కబురు, ఇంటర్వ్యూ పిలుపు, ఆసుపత్రి తేదీ ముందుగా చెప్పి రావు. ఆలస్యానికి కారణం స్తోమత కాదు, అగత్యం. సూత్రం ఆ రెండింటినీ ఒకే గాటన కట్టింది.

ఫలితమేమిటో 2018లో కాగ్ నివేదిక తేల్చింది. ఆ రైళ్ల ఏసీ తరగతుల్లో 2017 జూలై వరకు రూ.552 కోట్ల అదనపు ఆదాయం వచ్చింది. కానీ అత్యధికులు కోరుకునే థర్డ్ ఏసీలో ఖాళీ బెర్తులు 0.66 శాతం నుంచి 4.46 శాతానికి పెరిగాయి. 2018 అక్టోబరులో ప్రభుత్వం పదిహేను రైళ్లలో ఈ విధానాన్ని ఎత్తివేసి, మిగిలిన వాటిలో గరిష్ఠ పెంపును 1.4 రెట్లకు తగ్గించింది.

వ్యాపారి దృష్టిలో ఇది విజయమే: జనం తగ్గారు, సొమ్ము పెరిగింది. అర్థశాస్త్రంలో గిరాకీ అంటే కొనగల శక్తి తోడైన కోరిక. ధర చూసి కౌంటర్ నుంచి మరలిపోయినవాడు ఆ నిర్వచనంలోకి రాడు, నమూనాలో అంకెగానైనా మిగలడు. అతడి ప్రయాణం ఆగిందో, జనరల్ బోగీలో నిలబడి సాగిందో ఏ పట్టికా చెప్పదు.

తప్పు గణితానిది కాదు. ఏ మార్గంలో ఎన్ని బోగీలు చేర్చాలో చెప్పడానికీ అదే గణితం పనికొస్తుంది. దేన్ని గరిష్ఠం చేయాలన్నది మాత్రం మనుషులే నిర్ణయించాలి, అది రాజకీయ నిర్ణయం. ఈ చార్జీల విధానం వచ్చిన నెలలోనే, 1924 నుంచి సాగుతున్న ప్రత్యేక రైల్వే బడ్జెట్‌కు కేంద్ర మంత్రివర్గం స్వస్తి పలికింది. రైల్వే మంత్రి తన పద్దులతో ఏటా సభ ముందు నిలబడే రోజు అలా పోయింది. సూత్రాన్ని నిలదీయడానికి సభ్యులెవరూ ఉండరు. దాన్ని ఎంచుకున్నవారిని నిలదీయడానికే పార్లమెంటు ఉంది.