రొట్టె పడని కాపరి



కొన్ని రోగాలు ఒకచోట పుట్టి మరొకచోట కనబడతాయి. ప్రేగులో ఉన్న జబ్బు మోచేతులమీద బొబ్బలుగా, నోటిలో పుండ్లుగా, పాదాలలో తిమ్మిరిగా బయటపడవచ్చునని నేను నా శరీరములోనే నేర్చుకున్నాను. వరి పండించి వరన్నము తినే మన సూళ్లూరుపేట ప్రాంతములో గోధుమవలన వచ్చే జబ్బును గురించి వ్రాయడం వింతగా తోచవచ్చు. అయినను ఇది చదివిన ఒక్క కుటుంబానికైనా మేలు కలిగితే చాలునని వ్రాస్తున్నాను.

ఈ జబ్బు పేరు సీలియాక్ వ్యాధి. గోధుమలోను, బార్లీలోను, రై అనే ధాన్యములోను గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగడానికి కారణము అదే. ఈ జబ్బు ఉన్నవారు దానిని తింటే, శరీరమును కాపాడవలసిన రక్షణశక్తి తన చిన్న ప్రేగుమీదనే దాడి చేస్తుంది. ఆహారసారమును పీల్చుకొనే సన్నని వేళ్లవంటి పొర అరిగిపోతుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఇది అంటువ్యాధి కాదు. ఒకరి నుండి ఒకరికి సోకదు.

పెంతెకొస్తు దినమున యెరూషలేములో కూడినవారి దేశాల పేర్లలో కప్పదొకియ పేరు చదువుతాము. ఆ కప్పదొకియవాడైన అరెటియస్ అనే గ్రీకు వైద్యుడే పురాతన కాలములో ఈ జబ్బును వర్ణించాడు. కడుపు అని అర్థమిచ్చే గ్రీకు మాట నుండి దీనికి పేరు వచ్చింది. 1888లో లండనులో శామ్యూల్ గీ అనే వైద్యుడు పిల్లలలో దీనిని వివరించి, ఆహారముద్వారానే దీనికి చికిత్స ఉండాలని చెప్పాడు. ఏ ఆహారమో మాత్రము తేలలేదు. నెదర్లాండ్స్‌లో విల్లెమ్ డికె అనే పిల్లల వైద్యుడు గోధుమను మాన్పించి చూశాడు. 1944-45 చలికాలపు కరువు అతని అనుమానమును బలపరచింది. 1950లో అతడు తన పరిశోధనను గ్రంథముగా సమర్పించాడు. నాటినుండి నేటివరకు దీనికి మందు ఒక్కటే: జీవితాంతము ఆ ధాన్యాలను మానడము.

నాకు విరేచనాలు లేవు, కడుపునొప్పి లేదు. రెండు సంవత్సరాలు ఇనుము మాత్రలు మింగినా రక్తము పెరగలేదు. ఆరాధనలో రెండవ కీర్తనకే కాళ్లు తేలిపోయేవి. నోటిలో పుండ్లు మాని మళ్లీ వచ్చేవి. తరువాత మోచేతులమీద, మోకాళ్లమీద చిన్న చిన్న నీటిబొబ్బలు లేచి, రాత్రులు నిద్ర పట్టనంత దురద పెట్టాయి. చెన్నైలో ఒక వైద్యురాలు ఈ రెండింటిని కలిపి ఆలోచించింది. రక్తపరీక్ష చేయించి, గొట్టముద్వారా చిన్న ప్రేగు నుండి ముక్క తీసి పరీక్షించగా జబ్బు బయటపడింది. మోచేతి బొబ్బలు కూడా దాని చర్మరూపమేనని తేలింది.

గోధుమ మానగానే అంతా సర్దుకుంటుందని ఇంట్లో అందరమూ సంతోషించాము. కాని మొదటి నెలలలో కొత్త లక్షణాలు కనబడ్డాయి. పాలు త్రాగితే కడుపు ఉబ్బేది. పాలలోని చక్కెరను అరిగించే పదార్థము ఆ అరిగిన పొర అంచులలోనే తయారవుతుందట. పొర మానే కొద్దీ పాలు మళ్లీ పడతాయని వైద్యురాలు చెప్పినట్లే ఆరు నెలలకు పెరుగు, ఆ తరువాత పాలు పడ్డాయి. విపరీతమైన ఆకలి వేసేది. ఆకలిగొన్న శరీరము కోలుకొనే గుర్తు అది. పీచుపదార్థము తగ్గి మలబద్ధకము వచ్చింది; రాగులు, జొన్నలు, కొర్రలు, ఆకుకూరలు దానిని సరిచేశాయి. పాదాల తిమ్మిరికి బి12 లోపము కారణమని తేలి సూదులు వేశారు.

అన్నిటికన్నా ఆలస్యముగా మానింది చర్మము. దురద అణగడానికి డాప్సోన్ మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రలు కుష్ఠురోగమునకు వాడేవి గనుక, మందుల షాపు నుండి మాట పాకి, “అయ్యగారికి ఏమొచ్చింది?” అని గుసగుసలు మొదలయ్యాయి. ఆదివారము నేనే నిలబడి విషయము వివరించాను. ఆ మాత్ర చర్మమును శాంతింపజేస్తుందే గాని ప్రేగును బాగుచేయదు. తరచు రక్తపరీక్ష చేయించుకుంటూ, వైద్యుల చేతిక్రిందనే వాడాలి. కుష్ఠు అయినా సరే, మందుతో నయమయ్యే జబ్బే. ఎవరినీ దూరము పెట్టవలసిన పని లేదని కూడా ఆ దినముననే చెప్పాను.

గోధుమ దాక్కునే చోట్లు మన వంటింట్లోనే చాలా ఉన్నాయి. బొంబాయి రవ్వ, సేమియా, మైదా, బిస్కెట్లు సరే. హార్లిక్సులో గోధుమ, బార్లీ రెండూ ఉంటాయి. మన పులిహోరలోను, పచ్చళ్లలోను వేసే ఇంగువను చాలా కంపెనీలు గోధుమపిండితో కలిపి చేస్తాయని డబ్బామీద చదివి నా భార్య కనిపెట్టింది. గోధుమలు ఆడించిన మరలోనే బియ్యము ఆడిస్తే ఆ పిండి కలిసిపోతుంది. అందుకే మా ఇంట్లో పిండి మిక్సీలోనే పడుతున్నాము. పులికాటు చేపలు, రొయ్యలు, వరన్నము, రాగి సంకటి, పప్పులు నిర్భయముగా తినవచ్చు. ఈ జబ్బు వచ్చినవారికి మన వంట ఒక దీవెన అని చెప్పాలి.

జబ్బుకన్నా కష్టమైనది ఇళ్లు దర్శించడము. మన పల్లెలలో ఎవరికైనా ఒంట్లో బాగులేదంటే బ్రెడ్డు, హార్లిక్సు సీసా పట్టుకొని వస్తారు. నాకు అవి తెచ్చినవారి ముఖము చూచి వద్దనడము ఎంత కష్టమో చెప్పలేను. ఒక పెద్దమ్మ తన ఇంట్లో ఉప్మా వద్దన్నప్పుడు, “మా ఇంట్లో ముట్టకూడదా అయ్యా?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కూర్చొని అంతా చెప్పాను. మరుసటి వారము ఆమె రాగి సంకటి, చేపల పులుసు చేసి, “ఇందులో ఇంగువ వెయ్యలేదు, తినండయ్యా” అని వడ్డించింది.

ఇక ప్రభువు బల్ల. రొట్టె విరిచి అందరికీ ఇచ్చే నేను దానిని తినలేను. రోమను కతోలిక సంఘములో ఆ రొట్టె గోధుమదే కావాలని నియమము. గ్లూటెన్ బాగా తగ్గించిన రొట్టెకు మాత్రము అనుమతి ఉంది. మా సంఘములో ఈ సంగతి పెద్దల ముందు పెట్టాము. నాకొక్కడికి వేరే పళ్లెములో బియ్యపు రొట్టె పెడదామని ఒకరన్నారు. అప్పుడు వయసు మళ్లిన ఒక పెద్ద లేచి, “వేరే పళ్లెము వద్దు అయ్యగారూ. టీ కొట్లలో మాకు వేరే గ్లాసులు పెట్టిన రోజులు మేము చూశాము. ప్రభువు బల్లయొద్ద వేరేతనము వద్దు. అందరికీ బియ్యపు రొట్టే చేద్దాము” అన్నాడు. ఎవరూ మరి మాటలాడలేదు. అప్పటినుండి మా సంఘమంతా ఒకే రొట్టెలో పాలు పొందుతున్నది. ఒక్కటే రొట్టె గనుక అనేకులమైన మనము ఒకే శరీరమని పౌలు కొరింథీయులకు నేర్పిన పాఠము మాకు ఆ దినమున అర్థమైనంతగా ఎన్నడూ అర్థము కాలేదు.

“మనవైపు ఇది ఎవరికి వస్తుందిలే” అనుకోవద్దు. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో దేశములోని మూడు ప్రాంతాలలో 23 వేలకు పైగా పెద్దలను పరీక్షించారు. ఉత్తరాదిలో ఈ జబ్బు ఎక్కువ, దక్షిణాదిలో చాలా అరుదు. కాని దీనికి అవకాశమిచ్చే జన్యువులు దక్షిణాదివారిలోను మూడింట ఒక వంతుకు పైగా ఉన్నాయి. గోధుమ తినడములో పెద్ద తేడా కనబడింది: అక్కడ రోజుకు సగటున 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు. ఇప్పుడు షుగరని చెప్పి రాత్రిపూట చపాతీలు తినే ఇళ్లు మనలో ఎన్ని లేవు?

కాబట్టి ప్రియులారా, మందులకు లొంగని రక్తహీనత, ఎదగని బిడ్డ, మానని నోటిపుండ్లు, విడువని విరేచనాలు ఉంటే వైద్యునితో ఈ జబ్బు పేరు ఎత్తండి. పరీక్షకు ముందే గోధుమ మానకండి. మానితే పరీక్షలో జబ్బు కనబడకపోవచ్చు. ఒకరికి ఉంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవడము మంచిది. జబ్బు లేనివారు గోధుమకు భయపడనక్కరలేదు.

ప్రార్థన చేయండి, పథ్యము పాటించండి. పౌలు తిమోతి కొరకు ప్రార్థించాడు, అతని కడుపు జబ్బుకు సలహా కూడా వ్రాశాడు. మీ ఇంటికి వచ్చినవారు ఏదైనా తినలేమంటే నొచ్చుకోక, ఏమి తినగలరో అడగండి. ఆ ఒక్క ప్రశ్నలో ఎంత ప్రేమ ఉన్నదో తినలేనివారికే తెలుసు.