ఆనంద్ యాత్ర నుంచి అమ్మకు

రాజ్‌కోట్ ఎక్స్‌ప్రెస్, సోలాపూర్ దాటినంక
మంగళవారం రాత్రి

అమ్మా,

ఫోన్ చేస్తే "తిన్నవా బిడ్డా" అంటవు, తిన్న అంటే పెట్టేస్తవు. అందుకే కాగితం మీద రాస్తున్న. తమ్మునితోటి చదివించుకో. మధ్యల దాటేస్తే వాని చెవి మెలిపెట్టు.

మేం ఇరవై ఎనిమిది మందిమి, తోడు మా మేడమ్. గుజరాత్‌ల ఆనంద్‌కు పోతున్నం. ఈ సెమిస్టర్ మాకు లీడర్‌షిప్ అని ఒక కోర్సు ఉండె కదా, దాని ఆఖరి పాఠం అక్కడనే. వచ్చే సోమవారం లోపు ఆ కోర్సుకు మేమే మార్కులు వెయ్యాలె. అవునమ్మా, పిల్లలు సార్లకు మార్కులేసే కాలం వచ్చింది. ఫోన్‌లనే ఫారం. పద్నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు. కింద మన మాట రాయను చిన్న డబ్బా, ఐదు వందల అక్షరాలు దాటొద్దు.

నాయకత్వం గూడ బడిల నేర్పుతరా అని నువ్వు నవ్వినవు. కొంత నేర్పిండ్రు. 1939ల కర్ట్ లెవిన్ అనే ఆయన, ఇంకిద్దరు కలిసి పదేండ్ల పిల్లలతోటి మాస్కులు చేయిస్తూ పరీక్ష పెట్టిండ్రట. పెత్తనం చేసే పెద్దమనిషి బయటికి పోంగనే పిల్లల పని పడిపోయింది. అందరినీ అడిగి చేయించే ఆయన పోయినా పని నడిచింది. ఆ క్లాసుకైతే కండ్లు మూసుకొని ఐదు వేస్త.

సేమ్యా పుల్లలు నిలబెట్టి గోపురం కట్టుమన్న ఆటకు మాత్రం ఒకటి గూడ ఎక్కువే. మా జట్టుకు నన్ను లీడర్ అన్నరు, ఎందుకంటే నా దగ్గర కత్తెర ఉండె.

ఇంకొక ముచ్చట లోపల కుడుతున్నది. క్లాసుల మాట్లాడితే ఇరవై మార్కులు. గడగడ ఇంగ్లిషు మాట్లాడేటోళ్లకు పద్దెనిమిది, నాకు తొమ్మిది. విన్నదానికి మార్కుల్లేవు.

---

ఆనంద్
గురువారం రాత్రి

అమ్మా,

పొద్దున ఆరింటికే ఒక ఊరి పాల సంఘానికి తోలుకపోయిండ్రు. మన ఊరి కేంద్రమే అనుకో. గట్లనే స్టీలు క్యాన్లు, గట్లనే వరుస, గట్లనే బర్రె పాల వాసన. తేడా ఏందంటే ఫ్యాట్ అంకె అందరికీ కనపడేటట్టు ఎర్రగ వెలుగుతది. ఒక ముసలవ్వ అంకె చూడకుండ కదల్లేదు. నువ్వే యాదికొచ్చినవు.

ఈ సంఘం ఎట్ల మొదలైందో మాకు క్లాసుల చెప్పిందే. అప్పట్ల ఇక్కడి పాలన్నీ పాల్సన్ అనే కంపెనీ చేతుల ఉండె, రైతుకు దక్కేది నామమాత్రం. రైతులు పోయి సర్దార్ పటేల్‌ను అడిగితే, సంఘం పెట్టుకోండ్రి, అవసరమైతే పాలు ఆపుండ్రి అన్నడట. పదిహేను రోజులు ఆపిండ్రు. 1946 డిసెంబర్ 14న సంఘం రిజిస్టర్ అయింది. అదే అమూల్. మూడేండ్లకు, 1949ల, కేరళల పుట్టిన కురియన్ అనే ఇంజినీరు వచ్చిండు. సర్కారు స్కాలర్‌షిప్‌తోటి అమెరికాల చదివిండు కాబట్టి బాండు ప్రకారం రాక తప్పలేదు. ఎప్పుడు పోదునా అని చూసిండట. విచిత్రం ఏందంటే, దేశానికంతటికీ పాలు పోయించిన ఆ మనిషి తాను పాలు తాగనని తానే చెప్పుకున్నడు!

మా స్లయిడ్లల్ల కురియన్ ఫొటోలు పదహారు. త్రిభువన్‌దాస్ పటేల్‌కు అర వాక్యం. ఆయన సంఘం చైర్మన్. వెళ్లిపోతానన్న కురియన్‌ను ఉండుమని అడిగింది ఆయనే. తనకంటే పని తెలిసినోన్ని పెట్టుకొని, రాజకీయం వాని దాక రాకుండ అడ్డం నిలబడి, మిషన్ల జోలికి తాను పోలేదు. బర్రె పాలతోటి పొడి కాదని బయట నిపుణులు అంటే చేసి చూపించిన దలాయా పేరైతే స్లయిడ్లల్ల లేనే లేదు. 1963ల మెగసెసే అవార్డు కురియన్‌కు ఒక్కనికే రాలేదమ్మా. త్రిభువన్‌దాస్‌కు, బొంబాయి పాల పథకం నడిపిన దారా ఖురోడీకి గూడ కలిపి ఇచ్చిండ్రు. అది ఇచ్చింది గూడ సమాజ నాయకత్వం కిందనే. మేం చదివింది నాయకత్వమే, ముగ్గుర్ల ఒక్కన్నే చదివినం.

ఆ పదిహేను రోజులు ఇండ్లల్ల పాలు ఏం చేసిండ్రని మేడమ్‌ను అడిగిన. మంచి ప్రశ్న అన్నది, జవాబు లేదు. నాకు తెలుసు కదా. మన కేంద్రంల ఫ్యాట్ తక్కువ చూపిన ఏడు, నువ్వు ఒకే బర్రె పాలు రెండు క్యాన్లల్ల పోసి, ఒకటి నీ పేరు మీద, ఒకటి చిన్నమ్మ పేరు మీద పంపినవు. రెండు అంకెలొచ్చినయి. తెల్లారి మన వాడల ఎవ్వరూ పాలు పొయ్యలే. రెండు రోజులు ఏ ఇంట్ల చూసినా పెరుగు, వెన్న. బాపు "సల్ల తాగీ తాగీ కడుపు నొస్తున్నది" అంటుండె. మూడో రోజు మిషన్ మారింది. ఎవరు ముందు పడ్డరని సర్పంచ్ అడిగితే అందరు మొకాలు చూసుకున్నరు.

ఈ ముచ్చట క్లాసుల చెప్పలే. చెప్తే తొమ్మిది పన్నెండు అవుతుండెనేమో.

---

తిరుగు రైల్ల, భరూచ్ దాటినంక
శుక్రవారం

అమ్మా,

నర్మద మీదికెల్లి రైలు పోతుంటే ఫారం తెరిచిన. నది వెడల్పుకు కిటికీ సాలలే, మొదటి ప్రశ్న అట్లనే ఉండిపోయింది.

నిన్న రాత్రి "మంథన్" సినిమా వేసి చూపిండ్రు. 1976ది. అయిదు లక్షల మంది పాల రైతులు తలా రెండు రూపాయలేసి తీయించుకున్నరు. తీసిన శ్యామ్ బెనగల్ మన హైదరాబాద్ల తిరుమలగిరిల పుట్టినాయన. అది చూసినంక సగం మంది ఫారం మార్చుకున్నరు, అంతకుముందు వేసిన రెండును నాలుగు చేసిండ్రు. యాత్రకు వేసే మార్కు కోర్సుకు పడుతున్నదని నాకనిపించింది. నేను విడగొట్టి వేసిన. పాఠాలకు మూడు. మేడమ్‌కు ఐదు, జవాబు తెల్వకుంటే తెల్వదని ఒప్పుకున్నందుకు. మార్కులు వేసే పద్ధతికి రెండు.

డబ్బాల రాసింది ఇది: "వచ్చే ఏడు కురియన్ పాఠంల త్రిభువన్‌దాస్‌ను, దలాయాను చేర్చండి. క్లాసుల మాట్లాడితే వేసే ఇరవైల పది, ఎదుటోళ్ల మాట విని రాసినదానికి ఇవ్వండి. పాలు ఆపిన ఇంటి నుంచి ఒక ఆడమనిషిని పిలిచి మాట్లాడించండి." అట్ల పిలిస్తే నువ్వు వస్తవా? నీ పేరైతే రాయలే.

పద్నాలుగో ప్రశ్న, "ఈ కోర్సు వల్ల నేను మంచి నాయకురాలినయ్యాను" అని. ఖాళీగ వదిలేసి పంపబోతే ఫారం పోలేదు, ఎర్ర గుర్తు చూపెట్టింది. సోమవారం దాక గడువున్నది, చూస్త.

బర్రె ఈనిందా? ఈనితే జున్ను పాలు అందరికీ పంచెయ్యకు, నాకు జరన్ని ఉంచు. ఆదివారం పొద్దటి బస్సుకు వస్తున్న.

నీ బిడ్డ