చింతపిక్కల సైన్యం

ఆదివారం మధ్యాహ్నం మా అక్క ఇంటికి వెళ్తే డైనింగ్ టేబుల్ మీద అన్నం గిన్నెలు లేవు. పాత క్యాలెండరు కాగితం బోర్లా పరిచి ఉంది. దాని మీద స్కేలు పెట్టి గీసిన అంగుళం గళ్ళు. ఆ గళ్ళలో ఒక చదరంగం గుర్రం, రెండు చొక్కా గుండీలు, ఒక పెన్ను క్యాపు. చుట్టూ ఐదుగురు కుర్రాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నేను చెయ్యి చాపానో లేదో, "మావయ్యా, ఆ గుండీ ముట్టుకోకు, అది మంత్రగత్తె" అని అరిచాడు మా మేనల్లుడు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అట. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళు తలో వేషం కడతారు. కత్తి తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నోటితోనే ఆడేయొచ్చు కానీ యుద్ధం మొదలైతే తగువులు. "నేను తలుపు దగ్గరే ఉంటే మంట నాకెలా అంటుకుంటుంది?" అంటాడొకడు. అందుకే గళ్ళు, గళ్ళలో బొమ్మలు. ఒక గడి అంటే ఐదు అడుగులు.

డబ్బున్నవాళ్ళు దీనికి రంగులద్దిన మినీలు కొంటారు. మనిషి బొమ్మ 28 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే బొటనవేలిలో సగం. అంతలోనే కళ్ళూ, కనుబొమలూ, బెల్టుకు బకిలూ! ముచ్చటగానే ఉంటాయి, కాదనను. మావాడు ఒకసారి ఫోనులో డ్రాగన్ బొమ్మ చూపిస్తే మా అక్క ధర చూసి, "దీంతో నెల బియ్యం వస్తాయిరా" అని ఫోను తిరిగిచ్చేసింది. ఆ సంభాషణ అక్కడితో సరి.

ఆ రోజు కథలో పన్నెండు మంది గాబ్లిన్లు, అంటే పొట్టి పిశాచాలు, రావాలి. గుండీలు అయిపోయాయి. వంటింట్లోంచి ఇదంతా వింటున్న మా అమ్మ ఒక డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టింది. అందులో అష్టాచమ్మా ఆడుకునే చింతపిక్కలు. రాతి మీద నీళ్ళు చల్లి, ఒక పక్క తెల్లగా తేలేదాకా అరగదీసినవి. రెండో పక్క నిగనిగలాడే గోధుమరంగు. "ఇవి నిలబడవు కదా అమ్మమ్మా" అన్నాడు వాడు. "నిలబడ్డానికి నీ గాబ్లిన్లేమైనా పెళ్ళిచూపులకొచ్చాయా?" అంది ఆవిడ.

పది నిమిషాల్లో ఆ డబ్బా విలువ అందరికీ తెలిసిపోయింది. గోధుమరంగు పైకుంటే గాబ్లిన్ నిక్షేపంలా ఉన్నట్టు. సగం ప్రాణం పోతే తిప్పెయ్యడమే, తెల్లటి పక్క పైకొస్తుంది. ఎవడికి దెబ్బ తగిలిందో పెన్సిలుతో లెక్క రాసుకునే పని సగానికి సగం తగ్గింది. చచ్చినవాణ్ణి తీసి డబ్బాలో వేస్తే టక్కుమన్న చప్పుడు! ఆ చప్పుడు వేలు పోసి కొన్న బొమ్మకు రాదు. రాక్షసుడికి మాత్రం నాలుగు గళ్ళు కావాలి, అక్కడ ఊరగాయ సీసా మూత పెట్టారు.

అసలు ఆ ఆట పుట్టింది కూడా ఇలాంటి చవక సరుకు మధ్యనే. అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో అచ్చు వేసిన మొదటి పుస్తకాలే బొమ్మలు తప్పనిసరి కాదన్నాయి, అట్టముక్కలతో ఆడినా సరే, అందమే తక్కువన్నాయి. గైగాక్స్ ఒక చవక దుకాణంలో హాంకాంగ్ ప్లాస్టిక్ బొమ్మల సంచీ కొన్నాడు. పైన చరిత్రపూర్వ జంతువులని రాసి ఉంది, లోపలున్నవి ఏ యుగంలోనూ భూమ్మీద తిరిగిన జంతువులు కావు. తోక చివర ఫ్యాను రెక్కలున్నది ఇనుమును తుప్పు పట్టించి తినే రస్ట్ మాన్‌స్టర్ అయింది. ఇంకొకటి సగం గుడ్లగూబ, సగం ఎలుగుబంటి అయిన ఔల్‌బేర్. మరొకటి నేల కింద ఈదుకొచ్చే బులెట్. ఇప్పుడా ఔల్‌బేర్‌కే రంగులేసి ఖరీదు కట్టి అమ్ముతున్నారు.

ఖరీదైన మినీతో నాకో చిన్న పేచీ ఉంది. వీరుడు కథలో కత్తి పారేసి బల్లెం పట్టినా బొమ్మ చేతిలో కత్తే ఉంటుంది. గుండీకి ఆ బాధ లేదు. ఇంకో వారం కొండపల్లి బొమ్మల్లోంచి తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి దొంగ వేషానికి దింపారు. కోట గోడ పక్కన పెడితే అతను మిగతా బొమ్మలన్నిటికన్నా మూడింతలున్నాడు. ఒక్కడూ నవ్వలేదు. చెట్టుతో సహా వచ్చాడు కాబట్టి ఎక్కడం బాగా వచ్చని తీర్మానించారు.

నా వంతు సాయంగా పాత శుభలేఖలు పట్టుకెళ్ళాను. దళసరి కాగితం, మడిస్తే గుడారంలా నిలబడుతుంది. రెండు పక్కలా బొమ్మ గీసుకోవచ్చు. ఒక వీరుడి వీపున "బంధుమిత్రుల అభినందనలతో" అని ఉండిపోయింది. కానీ పైన సీలింగ్ ఫ్యాను వేసీ వెయ్యగానే సైన్యమంతా నేల మీదుంది. ఫ్యాను ఆపితే హైదరాబాదు ఏప్రిల్. చివరికి ఒక్కో బొమ్మ అడుగున ఒక ఐదు రూపాయల బిళ్ళ అంటించాం. గడిలో సరిగ్గా ఇమిడింది, గాలికీ కదల్లేదు.

సాయంత్రం గుమ్మంలోకి కొత్తిమీర బండి వచ్చింది. మా అక్క చిల్లర కోసం అటూ ఇటూ చూసి, ఒక యోధుణ్ణి ఎత్తి, అడుగునున్న బిళ్ళ పెరికి, కాగితాన్ని గడిలో పడేసి వెళ్ళిపోయింది. కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కథ నడిపేవాడు మాత్రం తొణకలేదు.

"కిందపడ్డాడు. లేవాలంటే సగం నడక ఖర్చు."