గాలిబండ మీద ఒక రాత్రి

హార్సిలీ కొండకు అందరూ వేసవిలో చల్లదనం కోసం వెళతారు. మేము డిసెంబరులో, అదీ అమావాస్యనాడు వెళ్ళాం. విన్నవాళ్ళు నవ్వారు. కాని 2023లో జెమినిడ్ ఉల్కలు జోరుగా రాలే రాత్రి, డిసెంబరు 13, అమావాస్యతో కలిసివచ్చింది. చుక్కలు చూడదలచినవాడికి వెన్నెలే శత్రువు గదా!

దీని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. 4,000 అడుగులకు పైబడిన ఎత్తు. కడప కలెక్టరు హార్సిలీ దొర ఇక్కడ బంగళా కట్టుకొన్నాక ఆయన పేరే నిలిచింది. మల్లమ్మ, పాపం, గుడికే పరిమితమైంది.

రాత్రి ఒంటిగంటకు గాలిబండ చేరాం. పేరుకు తగ్గ గాలి. అమ్మ రెండు శాలువలు కప్పుకొన్నది. మిథునరాశి నడినెత్తికి వచ్చింది. సన్నని గీతల్లా చుక్కలు రాలుతూంటే మా అబ్బాయి లెక్కపెడుతున్నాడు. ముప్ఫై ఒకటి అన్నాడో లేదో, బండంతా ఆకుపచ్చని వెలుగు! మా నీడలు రాతిమీద పడి జరిగిపోయాయి. తల ఎత్తేసరికి తూర్పుకు పెద్ద కొరవి ఒకటి దూసుకుపోయి, పగిలి, ఆరిపోయింది. చప్పుడు లేదు. సంస్కృతంలో ఉల్క అంటే కొరవి అని కూడా అర్థం. ఇన్నేళ్ళుగా తరగతిలో చెబుతున్నాను గాని, ఆ మాట ఆ రాత్రే తెలిసింది.

"ఎవరికి మూడిందో!" అన్నది అమ్మ. చుక్క రాలితే ఒక ప్రాణం పోయినట్టే ఆమెకు. తూర్పున వాయల్పాడులో మామయ్య నెల రోజులుగా మంచంమీద ఉన్నాడు.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఫేథాన్ అని 1983లో కనిపెట్టిన చిన్న గ్రహశకలం ఒకటున్నది. అది దారిపొడుగునా వదిలిన రాతిరజనులోకి భూమి ఏటా ఈ రోజుల్లో ప్రవేశిస్తుంది. ఆ రజను సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో గాలిని ఢీకొని మండుతుంది. పిడికెడు రాయి చాలు ఇంత వెలుగుకు.

అమ్మ అంతా విని, "సరే, మామయ్యకు ఫోను చెయ్యి" అన్నది.

ఇంత రాత్రివేళ జబ్బుమనిషికి ఫోనేమిటని విసుక్కుంటూనే చేశాను. మోగుతున్నది. నాలుగు, ఐదు, ఆరు... అబద్ధమెందుకు, అప్పుడు నాకు ఫేథాన్ గుర్తులేదు.

"ఎవురూ?" మామయ్య గొంతే! "నిద్రొస్తే గదా! పంచలో కూర్చోనుండా. ఇప్పుడే తూర్పుపక్క ఏందో భగ్గున పోయింది. మీకూ కనపడిందా?"

కనపడక ఏం? పదుల కిలోమీటర్ల ఎత్తున మండినదానికి కొండేమిటి, వాయల్పాడేమిటి?

అమ్మ ఫోను లాక్కున్నది. "ఈ చలిలో పంచలో ఏం పని నీకు, అన్నా? లోపలికి పో!" అని కేకలేసింది.

మా అబ్బాయి ముప్ఫై రెండు దగ్గర మళ్ళీ అందుకొన్నాడు.