పేరుకు రెండు దారులు

2025 అక్టోబరు 28 అర్ధరాత్రి మొంథా తుఫాను మా నరసాపురం దాపున తీరం దాటింది. పెంకుల సందులోంచి కారిన వాన, మా ఆవిడ మంగళహారతులు వ్రాసుకున్న నోటుపుస్తకాన్ని తడిపివేసింది. ఆమె పోయి ఆరేళ్ళు. తెల్లవారి విప్పి చూస్తే సిరా అంతా అలుక్కుపోయి ఉంది.

ఆ పుటలను మా అమ్మాయి వేసవిలో ఫొటోలు తీసి క్లౌడులో దాచింది. అయితే వీథి మలుపులో స్తంభం ఒరిగి ఇంటికి వచ్చే ఫైబరు తెగింది. సెల్లుఫోనూ మూగబోయింది. ఆ అక్షరాలు ఉన్నాయో లేవో చూసుకొనే వీలు లేదు.

రెండవనాడు నెట్‌వర్కుల పని చేసే పూర్వశిష్యుడు పరామర్శకు వచ్చాడు. "నాయనా, అక్కడ దాచినది పదిలమేనా?" అని అడిగాను.

అతడు చెప్పినది ఇది. వెంట్రుకంత గాజుపోగులో వేర్వేరు తరంగదైర్ఘ్యాల కాంతి ఒకేసారి పయనిస్తుంది. అందులో కొంత కొంత ఒక్కొక్క సేవకు కేటాయించి, నేల మీది దారులపైన మరొక దారుల పటం గీస్తారు. అదే వర్చువల్ ఆప్టికల్ నెట్‌వర్కు. ఒక దారి తెగితే కాంతి రెండవ దారి పట్టాలి. వలయంగా కట్టిన వ్యవస్థలలో ఇందుకు 50 మిల్లీసెకన్లు ప్రమాణం. చిక్కల్లా, పటంలో రెండుగా కనిపించేవి నేలలో ఒకే గోతి వెంట నడవడమే.

నాకు చించినాడ వంతెన తోచింది. పాలకొల్లు నుంచి రాజోలుకొక బస్సు, మలికిపురానికొక బస్సు. బోర్డులు వేరు, వంతెన ఒకటే. మా రేవులోని సఖినేటిపల్లి పంటు మాత్రం నిజంగా రెండవ దారి.

"అంతే మాస్టారూ! పైగా క్లౌడుకు ఫలానా ఊరే చేరాలన్న పట్టింపు లేదు. రెండు ఊళ్ళ డేటా కేంద్రాలలో ప్రతులుంటే ఏది అందినా చాలు. దారికే కాదు, గమ్యానికీ మారు ఉంచుతాం."

ఖర్చు తగ్గించడానికి రెండు దారులకు కలిపి ఒకే మారుదారి ఉంచడమూ ఉందట. రెండూ ఒకేసారి తెగవన్న నమ్మకమే దానికి ఆధారం. మన తీరంలో ఆ నమ్మకం చెల్లదు. తుఫాను ఒక్క తీగను ఎంచుకొని తెంపదు.

"మరి నాకెందుకు అందలేదురా?"

"మీ ఇంటికి ఒక్కటే తీగ కదండీ!"

మూడవనాటి సాయంత్రం తీగ అతికారు. తెర మీద మొదటి పుట తెరుచుకుంది. పైన ఆవిడ చుట్టిన "శ్రీరామ", అంచున పసుపు మరక. ఒక మేఘం చెరిపినదాన్ని మరొక మేఘం కాచింది. చాలాసేపు రెండవ పుటకు వెళ్ళలేకపోయాను.

ఇప్పుడు రోజుకు నాలుగు పుటల చొప్పున చేత్తో తిరగవ్రాస్తున్నాను. పూర్తికాగానే రాజమండ్రిలో మా తమ్ముడింటికి పంపుతాను. ఒకే కప్పు క్రింద రెండు ప్రతులున్నా అవి ఒక ప్రతితోనే సమానం. మిత్రులారా, మీ ఇంటి పాతపుస్తకాలకు రెండవ దారి ఏదో ఒకసారి చూసుకొనండి.