చప్పుడు లేని జూదము

తాండూరున నున్న మా మఱది కంది విత్తనములకని కోరఁగా, వికారాబాదునుండి చరవాణి ద్వారా సొమ్ము పంపినది మేమే. ఆ సొమ్మంతయు నతఁడు పోకరను పేకాటకు ధారవోసెను. ధర్మరాజు జూదమును సభ యెల్లఁ జూచినది. ఈ జూదమును ప్రక్కనున్న భార్యయు నెఱుఁగదు. నాలుగంకెలు నొక్కినఁ జాలును, రూకలు చప్పుడు లేక వెడలిపోవును.

ఇట్టి యాటలను 2017లోనే తెలంగాణము నిషేధించినది. బ్యాంకులును చెల్లింపు సంస్థలును వానికి సొమ్ము చేర్చరాదని 2025లో పార్లమెంటు శాసించినది. ఐనను దొంగత్రోవలు మూఁతపడలేదు.

ఇప్పుడు మఱది నెలకొకమాఱు బ్యాంకు లెక్కను మా యెదుటఁ జదువును. అతఁడు సిగ్గుపడును, విత్తనము లేవని యొకమాఱైన నడుగనందులకు మేమును సిగ్గుపడుదుము. ఇల్లాండ్రారా! సొమ్మిచ్చుటతోనే మన పని ముగియదు సుఁడీ.